ఒక్క నిమిషం ఊకుండత్తా

బేరూన్ కిల్లా, రాయచూరు
జూన్ 9

కిరణ్మయీ,

కవరు మీద నా చేతిరాత చూసి భయపడకు. అత్త బాగానే ఉంది, అంటే పోయిన నెల ఎలా ఉందో అలాగే ఉంది. ఫోను ఉండగా కాగితం ఎందుకంటావా, ఫోనులో నువ్వు "ఏమే హేమా" అనగానే నా కోపం సగం కరిగిపోతుంది. కాలేజీ రోజుల నుంచీ ఇదే తంతు. ఈసారి కరగకూడదని రాస్తున్నాను. నువ్వూ రాసే జవాబివ్వు. ఫోను చేస్తే ఎత్తను.

నిన్న ప్రాణేశ్ మన సినిమా ట్రైలర్ పంపాడు. మన కెమెరామన్, మన మూడో భాగస్వామి, ఇప్పుడు మాన్విలో పెళ్ళిళ్ళ వీడియోలు తీసుకుంటున్నవాడు, అతను పంపాడు. నువ్వు పంపలేదు. సరే, ఆ సంగతి తర్వాత.

అత్త మంచం పక్కన స్టూలు వేసి, చెంబుకు ఆనించి ఫోను నిలబెట్టాను. ఉగాది వెళ్ళిన వారానికి పక్షవాతం వచ్చిందగ్గర్నుంచి ఆమె నోట మాట లేదని నీకు తెలుసు. కుడి చెయ్యి లేవదు. అన్నీ వింటుంది, అన్నీ అర్థమవుతాయి, మాటే రాదు. నన్ను సాకిన మేనత్త, పొద్దున్నే జొన్నరొట్టెలు తడుతూ వీధి చివరిదాకా వినపడేలా మాట్లాడిన మనిషి. ఇప్పుడు మా ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు వినిపిస్తోంది. ఆ ఫ్రిజ్‌కు చప్పుడుందని ఇన్నేళ్ళూ నాకు తెలియదు. అందుకే ఈ సినిమా కోసం నేనెంత ఎదురు చూస్తున్నానో నీకు వేరే చెప్పాలా? నాకు అవార్డులు వద్దు. ఆమె గొంతు ఇంకెక్కడా లేదు, మన సినిమాలో తప్ప.

తెర మీదికి అత్త వచ్చింది. హట్టి బంగారు గనులకు వెళ్ళే బస్సులో కిటికీ పక్కన, రొట్టెల గంప ఒళ్ళో పెట్టుకుని. నోరు తెరిచింది. వేరే ఎవరో మాట్లాడారు.

అత్త ఫోను వంక చూసింది. తర్వాత నా వంక చూసింది. తర్వాత గోడ వైపుకు తిరిగి పడుకుంది. మధ్యాహ్నం గంజి తాగలేదు.

ఎవరే ఆవిడ? టీవీలో సబ్బుల ప్రకటన చెప్పినట్టు చెప్పింది. మన కంపెనీకి జొన్నరొట్టె పిక్చర్స్ అని పేరు పెట్టిందే అత్త. రిజిస్ట్రేషన్ గుమస్తా ఇది హోటలా అని అడిగితే "ఆకలైతె హోటల్ అనుకోరి, లేకుంటె సినిమా అనుకోరి" అంది. ఆ నోటికే తాళం వేశావా? నేను రికార్డు చేసిన అసలు సౌండు నాకు పంపు. సినిమాలో ఆమె గొంతే ఉండాలి. ఇంతకు మించి అడగను.

హేమ


కృష్ణానగర్, హైదరాబాద్
జూన్ 18

హేమకు,

ఉత్తరం అందింది. మా వాచ్‌మన్ కోర్టు నోటీసనుకుని రెండు చేతులతో పట్టుకొచ్చాడు. చదివాక అతను మరీ తప్పుగా అనుకోలేదనిపించింది.

ట్రైలర్ నీకు ముందు పంపకపోవడం నాదే పొరపాటు. సినిమా కొంటామన్న ఓటీటీ వాళ్ళు గొంతు మార్చమన్నారు. రాయచూరు తెలుగు అందరికీ అర్థం కాదన్నారు. డబ్బింగ్ చెప్పినావిడ పేరు సత్యభామ, చాలా అనుభవం ఉన్న మనిషి, సబ్బులు కూడా చెబుతారు, నీ చెవి గట్టిదే. డైరెక్టర్‌ని నేను, ఎడిటర్‌ని నేను. నిర్ణయం తీసుకోవలసింది నేను కాబట్టి తీసుకున్నాను. అసలు సౌండు ఇప్పుడు పంపలేను. డిస్కులు వేరే చోట ఉన్నాయి.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. పగలంతా ఒక సీరియల్ ఎడిటింగులో కూర్చుంటున్నాను. నాతో గదిలో ఉండే అమ్మాయి పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. మధ్యాహ్నం డబ్బా తెరిచి, తెర మీద అత్తాకోడళ్ళు సౌండు లేకుండా తిట్టుకుంటుంటే చూస్తూ తింటాను. వారంలో నేను ఎక్కువగా మాట్లాడేది కూరగాయల బండివాడితోనే.

అత్తకు ఫిజియోథెరపీ మానిపించకు.

కిరణ్మయి


రాయచూరు
జూన్ 27

కిరణ్మయి గారికి,

మీరు డైరెక్టరు గారని మరిచిపోయి చనువుగా రాశాను, మన్నించండి.

చూశావా, నాకు ఈ 'గారు' కూడా సరిగ్గా రాదు. రెండు వాక్యాలకే చెయ్యి నొప్పి పుట్టింది.

అర్థం కాదన్నారా? సిరవారలో కాలువ గట్టు మీద షూటింగ్ చూడడానికి వచ్చిన, అక్కడి క్యాంపుల్లో స్థిరపడ్డ మీ ఆంధ్రా వాళ్ళందరికీ అర్థమైంది. నవ్వాల్సిన చోట నవ్వారు. వాళ్ళలో ఒక పెద్దావిడ అత్త చెయ్యి పట్టుకుని "మీరు మా పిన్ని లాగా మాట్లాడుతున్నారండీ" అంది. అత్త వెంటనే "మీ పిన్ని గింత మంచిగ మాట్లాడితె మీరు గిట్ల ఎందుకు మాట్లాడ్తున్నరమ్మా" అంది. పక్కనే ఉన్నావు, నువ్వే పడి పడి నవ్వావు. ఆ నవ్వు ఆమె మాటకు నవ్వావో, ఆమె మాట తీరుకు నవ్వావో ఇప్పుడు అనుమానం వస్తోంది. మీ నాన్న గురవయ్య గారు శక్తినగర్‌లో కరెంటు ప్లాంటు ఉద్యోగం నుంచి రిటైరై అద్దంకి వెళ్ళిపోయారు. నువ్వు హైదరాబాద్ వెళ్ళిపోయావు. క్వార్టర్సులో పెరిగినవాళ్ళకు క్వార్టరు ఖాళీ చేయడం అలవాటే కదా.

పొద్దున రొట్టెలు నేనే తడుతున్నాను. అంచులు పగులుతున్నాయి. అడుగుదామని వెనక్కి తిరుగుతాను. అత్త చూస్తూ ఉంటుంది, చెప్పలేక. ఆమె కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, నేను పిండి వంక చూస్తాను. మాకు రోజంతా జరిగే సంభాషణ అదే.

సినిమాలో నా పేరు తీసేయ్. కథ రాసినట్టుగానూ వద్దు, సౌండు పట్టినట్టుగానూ వద్దు. రికార్డరూ మైకులూ అమ్మేయమని ప్రాణేశ్‌కు చెప్పాను. జొన్నరొట్టె పిక్చర్స్‌లో నా పని అయిపోయింది.

హేమ


కృష్ణానగర్, హైదరాబాద్
జూలై 6

హేమా,

క్వార్టరు మాట చదివి నిన్నంతా పనికి వెళ్ళలేదు. నిజమే, మాది ఏ ఊరని ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ గబుక్కున జవాబు రాదు. అందుకే మీ వంటింట్లో కూర్చోవడానికి అన్నిసార్లు వచ్చేదాన్ని. మైకులు అమ్ముతానని అనకపోయుంటే ఈ తిట్లు పడి ఊరుకునేదాన్నే. ఇప్పుడు ఊరుకుంటే కంపెనీ పోతుంది, నువ్వూ పోతావు. కాబట్టి నిజం రాస్తున్నాను. కూర్చుని చదువు.

ఓటీటీ వాళ్ళు గొంతు మార్చమనలేదు. అది నా అబద్ధం. అత్త మాట వాళ్ళకు నచ్చింది. కానీ మన దగ్గర అత్త గొంతు లేదు హేమా.

ఆ చీర గుర్తుందా? మొదటి సినిమా, మొదటి షాటు అని నువ్వు కొన్న కొత్త ఇల్కల్ చీర. కొంగు చివర పసుపు పెట్టి నువ్వే కట్టించావు. "ఒక్కపారి తడిపి కట్టుకుంటనే, గంజికి ఒళ్ళు గీరుతది" అని అత్త అడిగింది. తడిపితే రంగు దిగుతుంది, సినిమా అంతా ఇదే చీర, షాటుకూ షాటుకూ తేడా తెలుస్తుంది అని నువ్వు ఒప్పుకోలేదు. నేనూ ఊఁ అన్నాను. కాలర్ మైకు ఆ కొంగు కింద పెట్టాం. ఆమె ఊపిరి తీసినా, చెయ్యి కదిపినా ఆ గంజి గరగర మైకులో పడింది. సినిమా పొడుగునా, ప్రతి మాట మీదా. శుభ్రం చేయించడానికి ఇద్దరు సౌండు వాళ్ళ దగ్గరికి తిరిగాను. గరగర తీసేస్తే మాట కూడా అరిగిపోతోంది, బావిలోంచి ఎవరో పిలిచినట్టు మిగులుతోంది.

హెడ్‌ఫోన్స్ నీ చెవులకే ఉన్నాయి. నీకెందుకు వినపడలేదని చాలాసార్లు అనుకున్నాను. తప్పు పట్టడానికి కాదు. ఏప్రిల్‌లో ఈ సంగతి తెలిసింది. అప్పటికి అత్త ఆసుపత్రిలో ఉంది, మళ్ళీ చెప్పించే దారి లేదు. ఆ స్థితిలో నీకు ఫోను చేసి, ఆమె గొంతు పాడైంది, పాడు చేసింది నువ్వే అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. నన్ను తిట్టుకుంటే నీకు కాస్త తేలికగా ఉంటుందనుకున్నాను. ఉండలేదని తెలుస్తూనే ఉంది.

ఇంకొకటి. దీంతో పాటు చిన్న పెన్‌డ్రైవ్ పంపుతున్నాను. డబ్బింగ్ గొంతు కింద వేయడానికి ప్రతి చోటి నిశ్శబ్దం కావలసి వచ్చింది. షాటు అయ్యాక కాలర్ మైకు తీసేసి, పెద్ద మైకు స్టూలు మీద పెట్టి, అందరం కదలకుండా ఒక నిమిషం నిలబడి పట్టేవాళ్ళం కదా, అది. వెతికితే ఒక్కటీ పనికి రాలేదు. మన సినిమా మొత్తంలో ఒక్క నిమిషం నిశ్శబ్దం లేదు. ఎందుకో నీకు తెలుసు. కదలొద్దంటే అత్త కదలలేదు. మాట్లాడొద్దంటే మాత్రం వినలేదు.

చెడిపోయిన నిమిషాలన్నీ అందులో ఉన్నాయి. ఆమె గొంతు శుభ్రంగా ఉన్నది వాటిలోనే. నేను ఒంటరిగా తినేటప్పుడు సీరియల్ మానేసి అవే వింటున్నాను, నీకు చెప్పకుండా.

కిరణ్మయి


రాయచూరు
ఆగస్టు 2

కిరణ్,

ఇన్నాళ్ళు రాయలేదు. క్వార్టరు మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఉత్తరంలో రాసింది వెనక్కి రాదని తెలుసు, అయినా తీసుకుంటున్నాను.

ప్రాణేశ్ దగ్గర అసలు సౌండు కాపీ ఒకటి ఉందని ఇప్పుడే తెలిసింది, వెళ్ళి విన్నాను. నువ్వు చెప్పింది నిజం. గరగర అలా ఇలా లేదు. షూటింగ్‌లో ఆ హెడ్‌ఫోన్స్‌తోనే విన్నాను, నాకు మాటలు తప్ప ఏమీ వినపడలేదు. ఎందుకో చాలా ఆలోచించాను. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆమె మాటను రొట్టెల చప్పుడులోనూ, గిన్నెల మోతలోనూ, నల్లా నీళ్ళ గొడవలోనూ వింటూ పెరిగాను. చప్పుడును పక్కకు తోసి ఆమె మాట ఏరుకోవడం నా చెవికి అలవాటైపోయింది. వేరే ఎవరైనా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఉంటే మొదటి షాటుకే ఆపేవాళ్ళు. నన్ను పెంచిన మేనత్త గొంతు పట్టడానికి నాకంటే పనికిరాని మనిషి లేదు. తప్పు నాది. నువ్వు మోసినంత కాలం మోశావు, ఇక దించెయ్.

పెన్‌డ్రైవ్ రెండు వారాలు డబ్బాలో పెట్టి ఊరుకున్నాను. మొన్న ఆదివారం అత్తకు తల దువ్వి, కూర్చోబెట్టి, పెట్టాను.

సిరవార కాలువ గట్టు మొదట వచ్చింది. నీళ్ళ చప్పుడు, తర్వాత అత్త. "ఏందే గిది, నేను నోరు మూసుకుంటె కాలువ గూడ మూసుకుంటదా?" మనందరి నవ్వు. అత్త ఉలిక్కిపడి తలుపు వైపు చూసింది, ఎవరో వచ్చారనుకున్నట్టు. తర్వాత హట్టి బస్టాండు. "ఆ కిరణ్మయి పిల్ల పొద్దుగాల నుంచి ఏం తినలే. మొఖం చూడు, ఎట్ల వాడిపోయిందో. అయిందా? ఇగ మాట్లాడచ్చా?" తర్వాత మా వంటిల్లు. "మీ మామ పోయినంక శానేండ్లు ఈ ఇంట్ల ఊకునే ఉన్ననే. నువ్వొచ్చినంకనే నాకు నోరొచ్చింది. జర మాట్లాడనియ్యి."

ఆ మాట ఆమె ఎప్పుడు అందో నాకు గుర్తు లేదు. నేను అక్కడే ఉన్నాను, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఉన్నాను, అయినా వినలేదు. నిమిషం చెడిపోయిందన్న చిరాకే గుర్తుంది.

అత్త నవ్వింది. ముఖంలో సగమే నవ్వుతుంది ఇప్పుడు. నవ్వుతూనే ఎడమ చేత్తో మంచం పట్టె తట్టింది, రొట్టె తట్టినట్టు. నేను మాత్రం నవ్వలేకపోయాను. ప్రతి నిమిషంలోనూ ఆమె మాట తర్వాత ఇంకో గొంతు వస్తుంది, విన్నావు కదా. విసుగ్గా, పెద్ద ఆఫీసరులాగా. "ఒక్క నిమిషం ఊకుండత్తా."

ఇప్పుడు ఊకుంది కిరణ్. నేను చెప్పినట్టే విన్నది.

హేమ


కృష్ణానగర్, హైదరాబాద్
ఆగస్టు 11

హేమా,

నీ ఉత్తరం చదివి వెంటనే ఫోను చేయబోయాను. ఎత్తనన్నావని మానేశాను. ఇంకా ఎత్తవా?

ఒక మాట చెబుతాను, కొట్టకు. సత్యభామ గారి గొంతు తీసేస్తున్నాను. ఆవిడ బాగానే చెప్పారు, కానీ ఆ ముఖానికి ఆ గొంతు అతకలేదు. అతకలేదని గోడకు తిరిగి పడుకున్నావిడే చెప్పారు కదా. అత్త మాట ఎక్కడ ఎత్తుకోవాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో ఈ భూమ్మీద తెలిసింది నీకొక్కదానికే. నువ్వే చెప్పు.

స్టూడియో వద్దు, నువ్వు అత్తను వదిలి రాలేవు. ప్రాణేశ్ లాప్‌టాప్ తీసుకుని వస్తాడు, మైకులు ఇంకా అమ్మలేదట, అమ్మే ఉద్దేశం కూడా లేదట. కిటికీలకు దుప్పట్లు కట్టండి. ఫ్రిజ్ ఆపెయ్. దయచేసి కొత్త చీర మాత్రం కట్టుకోకు.

ఓటీటీ వాళ్ళు వినాయక చవితి దాటితే ఆగలేమన్నారు. ఇది మాత్రం నిజం. సమయానికి ఇవ్వకపోతే ఈ సినిమా నా డిస్కులోనే ఉండిపోతుంది.

హట్టి బస్టాండులో నా ముఖం వాడిపోయిందని ఆవిడ తప్ప ఎవరూ చూడలేదు. ఆ నిమిషం రోజూ వింటున్నాను. విన్నాక లేచి ఏదో ఒకటి వండుకుంటున్నాను.

కిరణ్మయి


బేరూన్ కిల్లా, రాయచూరు
ఆగస్టు 24

ఏమే కిరణ్,

పని అయింది. ఫోనులో చెప్పొచ్చు, నువ్వు చేస్తే ఎత్తుతాను కూడా. కానీ ఇది కాగితం మీదే చెప్పాలనిపించింది.

ప్రాణేశ్ పెళ్ళిళ్ళు లేని రోజులు చూసుకుని వచ్చాడు. అత్త గదిలోనే పెట్టుకున్నాం. ఉన్న దుప్పట్లన్నీ కిటికీలకు కట్టేసరికి ఉక్కపోసి ముగ్గురం తడిసిపోయాం. అత్త మంచం మీద, నేను కింద మైకు ముందు, ఎదురుగా లాప్‌టాప్‌లో అత్త బొమ్మ. మొదటి రోజు మొత్తం చెడింది. నేను చెబుతుంటే పాఠం అప్పజెప్పినట్టు ఉంది. ప్రాణేశ్ మర్యాదస్తుడు, "బాగానే ఉందక్కా" అన్నాడు. అత్త కళ్ళు మూసుకుంది.

రెండో రోజు నేను చెబుతుంటే ఆమె ఎడమ చెయ్యి మంచం పట్టె మీద తట్టడం మొదలుపెట్టింది. తప్ తప్ తప్, పొద్దుటి రొట్టెల తాళం. ఆ తాళంలో పడితే నా నోట్లోకి ఆమె మాట వచ్చింది. తాళం తప్పితే చెయ్యి ఆగిపోయేది. ఆగిందంటే మళ్ళీ మొదటి నుంచి. తట్టిన చప్పుడు మైకులో పడుతోందని ప్రాణేశ్ గొణిగితే, పట్టె మీద దిండు వేశాం. దిండు మీద కూడా తట్టింది.

చివరి మాట గుర్తుంది కదా. హట్టిలో ఆ గనివాడికి కరకరలాడే కడక్ రొట్టెలు ఇస్తూ చెప్పేది. నేను కాగితంలో రాసుకున్నట్టే "రొట్టె విరుగుతది గాని పాడు కాదు బిడ్డా" అన్నాను. చెయ్యి ఆగింది. మళ్ళీ చెప్పాను. మళ్ళీ ఆగింది. ఆమె నన్నే చూస్తోంది, పెదవులు కదులుతున్నాయి, చెప్పలేక నుదురంతా చెమట. అప్పుడు గుర్తొచ్చింది, షూటింగ్‌లో నా రాతను పక్కన పెట్టి ఆమె సొంతంగా ఏమందో. "రొట్టె ఇరుగుతది గాని కరాబు గాదు బిడ్డా." అలా అనగానే అత్త చెయ్యి దిండు మీద పడింది. తట్టలేదు, అలాగే పరిచి ఉంచింది. ప్రాణేశ్ లేచి బయటికి వెళ్ళాడు.

అన్నీ అయ్యాక, డబ్బింగ్ కింద వేయడానికి గది నిశ్శబ్దం కావాలని అతనే గుర్తు చేశాడు. మైకు స్టూలు మీద పెట్టాను. అలవాటు చూడు, నా నోట్లోంచి దానంతట అదే వచ్చేసింది, ఒక్క నిమిషం ఊకుండత్తా అని. అన్నాక నాలుక కరుచుకున్నాను. అత్త దిండు మీది చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

నిమిషం గడిచింది. ఎవరూ మాట్లాడలేదు. కాలువ మూసుకుంటదా అని ఎవరూ అడగలేదు, ఇగ మాట్లాడచ్చా అని ఎవరూ అడగలేదు. జొన్నరొట్టె పిక్చర్స్ మొదలైనప్పటి నుంచి మనకు పూర్తిగా దొరికిన నిమిషం ఇదొక్కటే. ప్రాణేశ్ ఆపేశాక కూడా నేను హెడ్‌ఫోన్స్ తీయలేదు, ఏమైనా అంటుందేమోనని.

మిగతా వాటితో పాటు ఆ నిమిషాన్ని కూడా పంపుతున్నాను. శుభ్రంగా ఉంది, ఎక్కడ కావాలంటే అక్కడ వేసుకో. నేను మళ్ళీ వినను.

నాకు ఒక్కటి చేసిపెట్టు. సినిమా అయిపోయి పేర్లు పడేటప్పుడు పాట వద్దు. చెడిపోయిన నిమిషాలు పెట్టు, కాలువ గట్టు, హట్టి బస్టాండు, మా వంటిల్లు, అన్నీ. ఆమె మాటల్లో ఒక్కటి కూడా తీయకు. నేను ఊకుండమన్న చోట మాత్రం కత్తెర వెయ్.

నీ హేమ